హార్పర్స్ అలైన్‌మెంట్ ఏమని రాసుకోవాలి? కేయాటిక్ గుడ్ అంటే సరిపోతుందా?

తెర_వెనక_డీఎం

ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్, 5వ ఎడిషన్, 2014 రూల్స్, ఫర్‌గాటెన్ రెల్మ్స్ ప్రపంచం. అలైన్‌మెంట్ అంటే క్యారెక్టర్ నైతిక వైఖరి: లాఫుల్, న్యూట్రల్, కేయాటిక్ ఒక అక్షం; గుడ్, న్యూట్రల్, ఈవిల్ ఇంకో అక్షం. కథంతా వాటర్‌డీప్ నగరంలోనే నడుస్తోంది. పార్టీ 4వ లెవెల్. నలుగురిలో ముగ్గురు హార్పర్స్ అనే రహస్య సంస్థ సభ్యులు. రెనౌన్ (సంస్థలో సంపాదించిన పేరు లెక్క) 3కి చేరింది కాబట్టి హార్ప్‌షాడో ర్యాంకులో ఉన్నారు.

హ్యాండ్లర్ (వాళ్లకు పనులు అప్పగించే హార్పర్) ఇచ్చిన తాజా పని ఇది. ఒక వడ్డీ వ్యాపారి జెంటారిమ్ అనే ముఠా సొమ్మును తన లెక్కల్లో కలిపి తెల్లగా మారుస్తున్నాడు. తెలియాల్సిన వాళ్లందరికీ తెలుసు, చేతిలో ఆధారం మాత్రం లేదు. అతని గిడ్డంగిలో ఒక దొంగ ఉత్తరం పెట్టి, సిటీ వాచ్‌కి ఉప్పందించాలి. మిగతాది మెజిస్టర్ (న్యాయాధికారి) చూసుకుంటాడు.

న్యాయ దేవుడు టిర్ భక్తుడైన క్లెరిక్ (లాఫుల్ గుడ్) ససేమిరా అంటున్నాడు. తప్పుడు సాక్ష్యంతో ఎవరినీ పట్టించనని, దోషి అయినా సరే పట్టించనని. రోగ్ (కేయాటిక్ గుడ్) వాదన వేరు: హార్పర్స్ గుడ్ ఫ్యాక్షన్, వాళ్లు అప్పగించిన పని చేస్తే అది గుడ్ పనే అవుతుంది. ఇద్దరూ కలిసి బంతి నా కోర్టులోకి నెట్టారు. హార్పర్స్ అలైన్‌మెంట్ ఏంటో డీఎంగా (ఆట నడిపేవాడిగా) నేను తేల్చాలట.

రెండో తలనొప్పి. మూడో హార్పర్ బార్డ్. ఆ ప్లేయర్ నన్ను పక్కకు పిలిచి, తన క్యారెక్టర్ నిజానికి జెంటారిమ్ మనిషి, లాఫుల్ ఈవిల్, ఇకపై అలాగే ఆడతానంటున్నాడు. నాకు అభ్యంతరం లేదు. కానీ నాలుగో సభ్యుడు వార్‌లాక్, ప్యాక్ట్ ఆఫ్ ది చెయిన్, ఫమిలియర్‌గా (తోడు జీవిగా) ఎదుటివాడి అలైన్‌మెంట్ పసిగట్టగల స్ప్రైట్ ఉంది. గుట్టు ఎన్ని సెషన్లు నిలుస్తుంది?

---

ఇరవై_ముఖాల_పాచిక

ముందు రూలు సంగతి తేల్చేద్దాం. 2014 పుస్తకాల్లో అలైన్‌మెంట్ గడి ఉండేది జీవులకు, దేవుళ్లకు, కొన్ని మాయా వస్తువులకు. ఫ్యాక్షన్ల వివరణలో ఉద్దేశం, నమ్మకాలు, ర్యాంకులు ఉంటాయి, అలైన్‌మెంట్ గడి ఉండదు. ఫ్యాక్షన్‌కీ అలైన్‌మెంట్‌కీ నేరుగా ముడిపెట్టిన రూలు నాకు తెలిసి ఒకటే, అడ్వెంచరర్స్ లీగ్ అనే అధికారిక ఆటల కార్యక్రమం ఆరంభంలో పెట్టింది. అక్కడ న్యూట్రల్ ఈవిల్, కేయాటిక్ ఈవిల్ అసలు కుదిరేవి కావు. లాఫుల్ ఈవిల్ కావాలంటే లార్డ్స్ అలయన్స్‌లోనో జెంటారిమ్‌లోనో ఉండాల్సి వచ్చేది. అది కూడా ముక్కూమొహం తెలియని ప్లేయర్లు ఒకే టేబుల్ దగ్గర కొట్టుకోకుండా పెట్టిన కట్టుబాటు. హార్పర్స్ స్వభావం గురించి అది ఏమీ చెప్పదు.

మీ రోగ్ వాదన ఎక్కడ జారుతోందో చూద్దాం. 1974లో వచ్చిన మొదటి ఆటలో లా, న్యూట్రాలిటీ, కేయాస్ అని మూడే ఉండేవి. అప్పుడు అలైన్‌మెంట్ అంటే యుద్ధంలో నువ్వు ఎవరి పక్షం అన్న లెక్క. 1978 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ నాటికి తొమ్మిది గడులయ్యాయి, పక్షం కంటే నడవడికకు బరువు పెరిగింది. రోగ్ మొదటి లెక్కలో మాట్లాడుతున్నాడు: నేను మంచి పక్షం, కాబట్టి నా పని మంచిది. క్లెరిక్ రెండో లెక్కలో మాట్లాడుతున్నాడు. ఒకే పదం పెట్టుకుని ఇద్దరూ రెండు ఆటలు ఆడుతున్నారు. మీరు "కేయాటిక్ గుడ్" అని తీర్పు చెప్పినా గొడవ తెగదు. రోగ్ దాన్ని లైసెన్సులా జేబులో పెట్టుకుంటాడు, అంతే.

రహస్య సంస్థకు అలైన్‌మెంట్ రాయాలంటే మూడు అంతస్తుల్లో విడివిడిగా రాయాలి. పైన సిద్ధాంతం, మధ్యలో సెల్ (ఊరిలోని చిన్న బృందం), కింద ఏజెంటు.

హార్పర్స్ సిద్ధాంతం మోతాదు దాటిన అధికారం మనిషిని చెడగొడుతుందని, ఏ మనిషీ నిస్సహాయంగా మిగలకూడదని, సమాచారం ఎంతున్నా చాలదని. బాహాటంగా రంగంలోకి దిగడం ఆఖరి మార్గం. ఇది నిస్సందేహంగా గుడ్ వైపే. లా, కేయాస్ సంగతికొస్తే, పైనుంచి కిందికి ఆజ్ఞలు దిగే పటిష్ఠమైన గొలుసు వాళ్లకు లేదు. ఏజెంట్లు ఒంటరిగా, తమ విచక్షణ మీద పనిచేస్తారు. అందుకని కేయాటిక్ వైపు మొగ్గుతుంది. ఇక్కడిదాకా మీ శీర్షికలోని మాట సరైనదే.

సెల్ దగ్గర మారుతుంది. గొలుసు లేని చోట హ్యాండ్లరే ఆ ఊరికి సంస్థ మొత్తం. అతను తప్పుదారి పట్టాడని పైవాళ్లకు తెలిసేలోగా నాలుగు పనులు జరిగిపోతాయి. ఇదే రహస్య సంస్థల అసలు బలహీనత, మీకు కథ దొరికేది కూడా ఇక్కడే. హ్యాండ్లర్‌కి సొంత అలైన్‌మెంట్ రాయండి. దొంగ ఉత్తరం పెట్టమన్నవాడు న్యూట్రల్ అని నాకనిపిస్తోంది. ఫలితం చూస్తాడు, దారి చూడడు. సిద్ధాంతం గుడ్, హ్యాండ్లర్ న్యూట్రల్ అనుకుంటే క్లెరిక్ నిరాకరణ హార్పర్స్‌కి వ్యతిరేకం కానే కాదు. సిద్ధాంతాన్ని హ్యాండ్లర్ కంటే క్లెరిక్కే గట్టిగా పట్టుకున్నట్టు లెక్క.

ఏ గడిలో పెట్టాలో తేలకపోతే రెండు ప్రశ్నలు చాలు. పని బెడిసికొడితే ఖర్చు ఎవరి నెత్తిన పడుతుంది? గుడ్ సంస్థ అయితే ఏజెంటు మీద, ఈవిల్ అయితే దారిన పోయేవాడి మీద, న్యూట్రల్ అయితే ఎవరి మీద పడినా పట్టించుకోదు. ఇక ఏజెంటుకు ఆజ్ఞ నచ్చకపోతే ఏమవుతుంది? శిక్ష పడితే లాఫుల్, "సరే, నీ ఇష్టం" అంటే కేయాటిక్. జెంటారిమ్‌ని ఇదే ప్రశ్నలతో పరీక్షించండి, లాఫుల్ ఈవిల్ దానంతటదే బయటికొస్తుంది.

ఇంకో మాట. రహస్యంగా ఉండటం ఏ గడికీ చెందదు. చాలామంది డీఎంలు చీకట్లో తిరిగే ప్రతి సంస్థనూ కేయాటిక్ న్యూట్రల్ అని రాసేస్తారు, అది బద్ధకం.

---

పాత_ఎడిషన్ల_పంతులు

5వ ఎడిషన్ వాళ్లకు అలైన్‌మెంట్ అలంకారం అయిపోయింది కాబట్టి మూడంతస్తుల మేడ కట్టుకోవచ్చు. 3.5 ఎడిషన్‌లో అది కుదరదు, ఎందుకంటే అక్కడ అలైన్‌మెంట్ కంటికి కనబడుతుంది. పాలడిన్ డిటెక్ట్ ఈవిల్‌ని ఎన్నిసార్లయినా వేయగలడు, 60 అడుగుల శంకువు. మొదటి రౌండులో చెడు ఉందా లేదా, రెండో రౌండులో ఎన్ని ఛాయలు, వాటిలో బలమైనది ఎంత, మూడో రౌండులో ఒక్కొక్కటీ ఎక్కడుందో తెలిసిపోతుంది. సత్రంలో కూర్చున్న మామూలు దుర్మార్గుడు 10 హిట్ డైస్ (బలం కొలత) లోపు అయితే ఛాయ నీరసంగా ఉంటుంది, కానీ ఉంటుంది. అందుకే ఆ రోజుల్లో గూఢచారి బార్డ్ పొద్దున్నే అన్‌డిటెక్టబుల్ అలైన్‌మెంట్ వేసుకుని బయటికొచ్చేవాడు. బార్డ్‌కి 1వ లెవెల్ స్పెల్, 24 గంటలు నిలుస్తుంది. ఒక్కరోజు మరిచిపోతే కథ కంచికే.

హార్పర్స్ సంగతికొద్దాం. 3వ ఎడిషన్‌లో హార్పర్ స్కౌట్ అనే ప్రెస్టీజ్ క్లాస్ (షరతులు తీరాక తీసుకునే ప్రత్యేక క్లాస్) ఉండేది. దానికి అలైన్‌మెంట్ షరతు "ఈవిల్ కాకూడదు" అని మాత్రమే. గుడ్ అయి తీరాలని అనలేదు. అంటే లాఫుల్ న్యూట్రల్ హార్పర్ పుస్తకం ప్రకారమే సాధ్యం, ఉన్నాడు కూడా. మాంత్రికుల్లో ఎల్మిన్‌స్టర్ కేయాటిక్ గుడ్, ఖెల్బెన్ "బ్లాక్‌స్టాఫ్" అరున్సన్ లాఫుల్ న్యూట్రల్. ఇద్దరూ హార్పర్సే, ఇద్దరూ మాయకు దేవత మిస్ట్రా ఎంచుకున్నవాళ్లే, చేసే పనులకు మాత్రం పొంతన ఉండదు.

ఆ పొంతన లేకపోవడమే సంస్థను చీల్చింది. ఖెల్బెన్ మిగతా హార్పర్లకు చెప్పకుండా జెంటారిమ్ పెద్ద ఫ్జౌల్ చెంబ్రిల్‌తో లోపాయికారీ ఒప్పందం చేసుకున్నాడు. పెద్ద ముప్పును ఆపడానికి చిన్న చెడును సహించాలన్నది అతని లెక్క. సంగతి బయటపడ్డాక హార్పర్స్ నుంచి విడిపోయి మూన్‌స్టార్స్ అని మరో రహస్య బృందం పెట్టుకున్నాడు. మీ వడ్డీ వ్యాపారి మిషన్ ఆ గొడవకే చిన్న రూపం. హ్యాండ్లర్‌ని ఖెల్బెన్ దారి మెచ్చుకునేవాడిగా పెట్టండి, క్లెరిక్‌తో వాదనకు వందేళ్ల నాటి వేరు దొరుకుతుంది. 5వ ఎడిషన్ కథల కాలం 1490ల డేల్‌రెకనింగ్ (ఆ ప్రపంచపు శకం), చీలిక 1370ల చుట్టుపక్కలది కాబట్టి దాన్ని చరిత్రగా చెప్పే ముసలి ఎల్ఫ్ హార్పర్ ఒకడు చాలు.

పైవారి మేడ మీద నా అభ్యంతరం ఒకటే. సిద్ధాంతం గుడ్ అని రాసి, సెల్‌ని ఎలా పడితే అలా నడిపిస్తే పది సెషన్లయ్యాక ఆ సిద్ధాంతం గోడ మీది కాగితం అవుతుంది. ఎవరో ఒకరు గీత దాటినప్పుడు హై హార్పర్ల (సంస్థ పెద్దల) నుంచి ఏదో ఒక కదలిక రావాలి. రాకపోతే ప్లేయర్లు హార్పర్స్‌ని న్యూట్రల్ అనుకుంటారు, అనుకోవడం న్యాయమే.

---

బేరసారాల_గోబ్లిన్

న్యూట్రలే అంటాను నేను. ఎవరికి అధికారం మోతాదు దాటిందో తేల్చేది ఎవరు? హార్పర్స్. వాళ్లను ఎన్నుకున్నదెవరు? ఎవరూ లేరు. తప్పు చేస్తే అడిగేదెవరు? మళ్లీ హార్పర్సే. వీణ బొమ్మ పిన్ను పెట్టుకున్నంత మాత్రాన జెంటారిమ్ కంటే పవిత్రులైపోరు. రెండూ చీకట్లో తీగలు లాగే ముఠాలే, ఒకరు డబ్బుకు, ఇంకొకరు ఆత్మసంతృప్తికి.

---

ఇరవై_ముఖాల_పాచిక

@బేరసారాల_గోబ్లిన్, జవాబుదారీ లేకపోవడం కేయాస్ వైపు వాదన. దాన్ని తెచ్చి గుడ్, ఈవిల్ అక్షం మీద పెడుతున్నారు. నిజంగా న్యూట్రల్‌గా ఉండే రహస్య బృందం ఎలా ఉంటుందో చూడాలంటే గ్రేహాక్ ప్రపంచంలోని సర్కిల్ ఆఫ్ ఎయిట్‌ని చూడండి. అందులోని మాంత్రికుడు మోర్డెన్‌కైనెన్‌కు కావలసింది సమతూకం. మంచి పక్షం బాగా బలిసినా అతనికి ఇబ్బందే, దాన్ని తగ్గించడానికీ వెనకాడడు. హార్పర్స్ ఎప్పుడైనా మంచి రాజు మరీ బలపడ్డాడని పక్కూరి నిరంకుశుడికి సాయం చేస్తారా? రాజును ఓ కంట కనిపెడతారు, అక్కడితో ఆగుతారు.

@పాత_ఎడిషన్ల_పంతులు గారు, హై హార్పర్ల కదలిక విషయంలో మీతో ఏకీభవిస్తాను.

---

రూల్స్_రంగన్న

అలైన్‌మెంట్ తత్వం మీరు చూసుకోండి, నేను గూఢచారి బార్డ్ సంగతి చెబుతాను. 5వ ఎడిషన్‌లో డిటెక్ట్ ఈవిల్ అండ్ గుడ్ స్పెల్ అలైన్‌మెంట్ చూడదు. 30 అడుగుల లోపు అబరేషన్, సెలెస్టియల్, ఎలిమెంటల్, ఫే, ఫీండ్, అన్‌డెడ్ ఉంటే చెబుతుంది, అంతే. మనిషి బార్డ్ ఎంత దుర్మార్గుడైనా దానికి చిక్కడు. కొత్త డీఎంలు పేరు చూసి మోసపోయి ఇక్కడే గుట్టు రట్టు చేస్తారు.

అసలు ప్రమాదం మీరు అనుమానించినట్టే స్ప్రైట్. దాని హార్ట్ సైట్ యాక్షన్‌తో తాకితే ఎదుటివాడి ప్రస్తుత భావోద్వేగం తెలిసిపోతుంది, దానికి సేవ్ (పాచిక వేసి తప్పించుకునే అవకాశం) లేదు. ఆపైన డీసీ 10 (పాచిక మొత్తం అందుకోవాల్సిన అంకె) కరిష్మా సేవ్ తప్పితే అలైన్‌మెంట్ కూడా తెలుస్తుంది. బార్డ్‌కి కరిష్మా సేవ్‌లో ప్రొఫిషియన్సీ ఉంటుంది. కరిష్మా 18 అనుకుంటే 4వ లెవెల్‌లో +6. పాచిక మీద 1, 2, 3 పడితేనే తప్పుతాడు, అంటే ప్రతి తాకుడుకీ 15 శాతం. ఒకసారికి పర్వాలేదు. వార్‌లాక్‌కి అనుమానం వచ్చి ఐదుసార్లు తాకించాడంటే దొరికిపోయే అవకాశం సగం దాటుతుంది.

విరుగుడు రింగ్ ఆఫ్ మైండ్ షీల్డింగ్. అన్‌కామన్ వస్తువు, 2014 డీఎం పుస్తకం లెక్కన 101 నుంచి 500 బంగారు నాణేల మధ్య. అట్యూన్‌మెంట్ (వస్తువుతో మాయా బంధం) కావాలి. ఆలోచనలు చదవడం, అబద్ధమాడుతున్నాడా అని కనిపెట్టడం, అలైన్‌మెంట్ తెలుసుకోవడం, జీవి రకం తెలుసుకోవడం, ఈ నాలుగింటినీ చేసే మాయను ఆపుతుంది. హార్ట్ సైట్ వర్ణనలోనే మాయతో తెలుసుకుంటుందని ఉంది కాబట్టి అలైన్‌మెంట్ దగ్గర ఉంగరం పనిచేస్తుంది. ఆ జాబితాలో భావోద్వేగం లేదు, కాబట్టి భయపడుతున్నాడో తృప్తిగా ఉన్నాడో స్ప్రైట్ పసిగడుతూనే ఉంటుంది. ఇక్కడ డీఎంకి కలిసొచ్చే అంశం ఒకటుంది. సేవ్ నెగ్గినా అలైన్‌మెంట్ తెలియదు, ఉంగరం ఆపినా తెలియదు. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. మీరు తెర వెనక పాచిక దొర్లించండి, ఫలితం నోటితో చెప్పకండి.

ఒక యాక్షన్‌తో ఉంగరాన్ని అదృశ్యం చేయవచ్చు. కాకపోతే ఎవరైనా డిటెక్ట్ మ్యాజిక్ వేస్తే 30 అడుగుల లోపు మాయ ఉందని తెలుస్తుంది. ఛాయ కనబడాలంటే వస్తువు కనబడాలి కాబట్టి ఉంగరం దగ్గరే అని తేల్చడం కష్టం. బార్డ్ ఒంటి మీద అందరికీ తెలిసిన మాయా వస్తువు ఇంకోటి ఉంటే ఆ అనుమానం దాని ఖాతాలోకి పోతుంది. జెంటారిమ్ వాళ్లు ఉంగరంతో పాటు ఒక చౌక లాకెట్ కూడా ఇచ్చి పంపుతారు, బుద్ధి ఉంటే.

ఇప్పుడు క్లెరిక్. జోన్ ఆఫ్ ట్రూత్ (అబద్ధం ఆడనివ్వని వలయం) 2వ లెవెల్ స్పెల్, 4వ లెవెల్ క్లెరిక్ చేతిలో ఉన్నట్టే. 15 అడుగుల వ్యాసార్ధం, 10 నిమిషాలు. విజ్‌డమ్ 16 అయితే డీసీ 13. బార్డ్‌కి 7 పడితే చాలు, 70 శాతం నెగ్గుతాడు. కానీ ఎవరు నెగ్గారో, ఎవరు తప్పారో వేసినవాడికి తెలుస్తుంది. పైగా ఆ వలయంలో ప్రతి టర్న్ మొదట్లో సేవ్ మళ్లీ వేయాలి. 10 నిమిషాలంటే 100 రౌండ్లు. "నువ్వు తప్పేదాకా ఇక్కడే నిలబడు" అని క్లెరిక్ పట్టుబడితే తప్పించుకునే దారి లేదు. ఉంగరం ఇక్కడ ఆదుకోదని నా పఠనం. ఆ స్పెల్ అబద్ధాన్ని కనిపెట్టడం లేదు, అబద్ధం నోట రాకుండా ఆపుతోంది. ఉంగరం ఆపేది కనిపెట్టడాన్ని. కొందరు డీఎంలు ఉంగరానికే ఓటేస్తారు. మీ తీర్పు ఏదైనా సరే, బార్డ్ ప్లేయర్‌కి ముందే చెప్పండి, మధ్యలో మార్చకండి.

ఉంగరం లేని దారి నిజంతోనే నడుస్తుంది. జోన్‌లో ఉన్నవాడు అబద్ధం ఆడలేడు గానీ తప్పుకోవచ్చు, అర్ధసత్యం చెప్పవచ్చు. "హార్పర్స్‌కి హాని చేసే పని ఈ రాత్రి నేనేదీ చేయలేదు" లాంటి నాలుగైదు వాక్యాలు బార్డ్ ప్లేయర్ చేత ముందే రాయించండి. ప్రతి సెషన్లో వాటిని నిజంగా ఉంచుకునేలా నడుచుకోమనండి. గూఢచారిగా ఆడటంలో మజా అదే.

5వ లెవెల్‌లో నాన్‌డిటెక్షన్ వస్తుంది, 8 గంటలు, ప్రతిసారీ 25 బంగారు నాణేల వజ్రపు పొడి ఖర్చు. రోజూ వేస్తే సొమ్ము ఎక్కడిదని రోగ్ అడుగుతాడు. అది కూడా డివినేషన్ (రహస్యాలు కనిపెట్టే) మాయనే ఆపుతుంది, హార్ట్ సైట్ డివినేషన్ కిందికి వస్తుందా అన్న పేచీ ఉండనే ఉంది. నా ఓటు ఉంగరానికే.

మీవాడు బార్డ్ కాబట్టి బతికిపోయాడు. ఈవిల్ క్లెరిక్ అయ్యుంటే 5వ లెవెల్‌లో స్పిరిట్ గార్డియన్స్ వేసిన మొదటి పోరాటంలోనే అయిపోయేది. గుడ్, న్యూట్రల్ వేస్తే రేడియంట్ దెబ్బ, ఈవిల్ వేస్తే నెక్రోటిక్. చుట్టూ తిరిగే ఆత్మల రూపం కూడా ఫీండ్ పోలికలకు మారిపోతుంది.

హార్పర్స్ వైపు నుంచి కూడా ఒక కాపలా పెట్టవచ్చు. 2014 గ్లిఫ్ ఆఫ్ వార్డింగ్ (ఉచ్చులా పనిచేసే స్పెల్)లో ట్రిగ్గర్‌ని అలైన్‌మెంట్‌ని బట్టి బిగించుకోవచ్చు. 3వ లెవెల్ స్పెల్, వేయడానికి గంట పడుతుంది, 200 బంగారు నాణేల ధూపం, వజ్రపు పొడి ఖర్చవుతాయి. సేఫ్‌హౌస్ గడప మీద "ఈవిల్ అయితేనే" అని వేస్తే బార్డ్ అడుగు పెట్టగానే పేలుతుంది. తలుపు మీదో పెట్టె మీదో వేసి దాన్ని 10 అడుగులకు మించి కదిపితే చెరిగిపోతుంది, అది గుర్తుంచుకోండి. గ్లిఫ్‌కి అలైన్‌మెంట్ తెలియాలి కదా, ఉంగరం దాన్ని కూడా అడ్డుకుంటుందా అంటే, అడ్డుకుంటుందనే నేను ఆడతాను.

---

తెర_వెనక_డీఎం

రంగన్న గారూ, ఉంగరం ఖరారు. లాకెట్ కూడా.

పాచిక గారికి రెండు ప్రశ్నలు. క్లెరిక్ మిషన్ నిరాకరిస్తే రెనౌన్ తగ్గించాలా? రోగ్ ఒక్కడే వెళ్లి ఉత్తరం పెట్టేస్తే అలైన్‌మెంట్ మార్చాలా?

---

ఇరవై_ముఖాల_పాచిక

రెనౌన్ తగ్గించకండి. డీఎం పుస్తకం ప్రకారం సభ్యుల మధ్య అభిప్రాయభేదాలకు రెనౌన్ పోదు. సంస్థకో సభ్యులకో వ్యతిరేకంగా గట్టి నేరం జరిగితేనే పోతుంది, ఎంత అన్నది మీ ఇష్టం. క్లెరిక్ మిషన్‌కి వెళ్లడు కాబట్టి మిషన్ పూర్తి చేస్తే వచ్చే +2 రెనౌన్ అతనికి రాదు. చాలు. వెళ్లి వ్యాపారిని ముందే హెచ్చరించాడనుకోండి, అది వేరు సంగతి. అప్పుడు 1 తీయవచ్చు. కానీ 3 నుంచి 2కి జారితే హార్ప్‌షాడో ర్యాంకు కూడా పోతుంది కాబట్టి తీసే ముందు ఆ మాట ప్లేయర్‌కి చెప్పండి.

వెనకబడిన క్లెరిక్ డౌన్‌టైమ్ (సాహసాల మధ్య ఖాళీ రోజులు)తో కూడదీసుకోవచ్చు. ఇప్పుడున్న రెనౌన్‌కి పదింతల రోజులు, అంటే 3 దగ్గర 30 రోజులు సంస్థ కోసం తిరిగితే 1 పెరుగుతుంది. మిగతావాళ్లు మిషన్‌కి 2 చొప్పున నాలుగు మిషన్లలో 11కి చేరి, 10 దగ్గర వచ్చే బ్రైట్‌కాండిల్ ర్యాంకు అందుకుంటారు. తేడా మరీ పెరుగుతోందనిపిస్తే క్లెరిక్ మనస్సాక్షికి సరిపడే చిన్న పనులు అప్పగించండి. సంస్థ ప్రయోజనానికి పనికొచ్చిన పనికి 1 ఎటూ వస్తుంది.

రోగ్ అలైన్‌మెంట్ ఒక్క ఉత్తరంతో మార్చకండి. ఖర్చు ఎవరి మీద పడిందో కళ్లకు కట్టండి. ఉత్తరంలో చేతిరాత ఎవరిది? వ్యాపారి దగ్గర నెల జీతానికి పనిచేసే గుమాస్తాది అనుకోండి. రోగ్‌కి తెలియకుండానే ఆ రాతను నకలు చేయించాడు హ్యాండ్లర్. సిటీ వాచ్ ముందు గుమాస్తాని ఈడ్చుకుపోతుంది. ఇప్పుడు రోగ్ ఏం చేస్తాడో చూడండి. గుమాస్తాని విడిపించడానికి తన ప్రాణం మీదికి తెచ్చుకుంటే కేయాటిక్ గుడ్ చెక్కుచెదరలేదు. భుజాలెగరేసి పోతే, ఇంకోసారి అలాంటిదే చేస్తే, అప్పుడు కేయాటిక్ న్యూట్రల్ సంగతి అతనితో విడిగా మాట్లాడండి. 5వ ఎడిషన్‌లో ఆ మార్పుకి జరిమానా ఏమీ లేదు కాబట్టి శిక్షలా అనిపించనివ్వకండి.

ఇంతకంటే మేలు, మిషన్‌నే కొంచెం మార్చడం. అసలు ఆధారం ఉంది, తేవడం కష్టం, హ్యాండ్లర్ అడ్డదారి తొక్కాడు అని పెట్టండి. సంకేతలిపిలో రాసిన అసలు చిట్టా గిడ్డంగి లోపలి గదిలో ఉంటుంది, వెతకడానికి ఇన్వెస్టిగేషన్ డీసీ 15. దాన్ని చదవాలంటే పదిరోజులకోసారి వచ్చే జెంటారిమ్ వార్తాహరుడి దగ్గరున్న సంకేతాల కీ కావాలి. మూడో దారిగా, అప్పు తీర్చలేక దుకాణం పోగొట్టుకున్న ఒక ముసలమ్మ సాక్ష్యం చెప్పడానికి సిద్ధంగా ఉంది, ఆమెకు రక్షణ కావాలి. ఈ మూడింటిలో రెండు చేతికొస్తే మెజిస్టర్ ముందు దొంగ ఉత్తరం అక్కరలేదు. క్లెరిక్‌కి ముసలమ్మ, రోగ్‌కి గిడ్డంగి, వార్‌లాక్ స్ప్రైట్‌కి వార్తాహరుడు. ఇక బార్డ్‌కి ఆ వార్తాహరుడు సొంత మనిషి. వాడిని పట్టిస్తాడా, తప్పిస్తాడా అన్నది వేరే చెప్పాలా.

---

పాత_ఎడిషన్ల_పంతులు

గుమాస్తా మలుపు బాగుంది. అయితే ఉత్తరం సంగతి హై హార్పర్ల చెవిన ఎలా పడుతుందో కూడా రాసిపెట్టుకోండి, లేకపోతే నేను చెప్పిన గోడ కాగితమే. యానింగ్ పోర్టల్ సత్రంలో పాటలు పాడుకునే మాట్రిమ్ త్రీస్ట్రింగ్స్ మీ కథలో ఉంటే అతనే సరిపోతాడు. హార్పర్ మనిషే, అందరి మాటలూ అతని చెవిన పడతాయి. క్లెరిక్ మొరపెట్టుకుంటే వారం లోపు హ్యాండ్లర్‌ని వేరే ఊరికి మార్చేయండి, కారణం చెప్పకండి. కొత్త హ్యాండ్లర్ మొదటి మాటగా గుమాస్తా ఎక్కడున్నాడని అడగనివ్వండి. ప్లేయర్లకు సంస్థ ఎటు మొగ్గుతుందో అర్థమైపోతుంది.

---

బేరసారాల_గోబ్లిన్

కారణం చెప్పకుండా మార్చేశారంటేనే నా మాట రుజువైంది కదండీ.

---

రూల్స్_రంగన్న

గోబ్లిన్ గారి గొడవ వదిలేయండి. ఒకటి మరిచాను. ఆ ఉంగరం పెట్టుకుని బార్డ్ చచ్చిపోతే ఆత్మ పైకి పోకుండా ఉంగరంలోకి వెళ్లవచ్చు, అందులో అప్పటికే వేరే ఆత్మ లేకపోతే. తర్వాత ఆ ఉంగరం పెట్టుకున్నవాడితో మనసులో మాట్లాడగలడు, ఆ మాటను పెట్టుకున్నవాడు ఆపలేడు. చావగానే అదృశ్యం పోయి ఉంగరం కనబడుతుంది కూడా. శవం వేలి నుంచి దాన్ని తీసేది ఖచ్చితంగా మీ రోగే. జెంటారిమ్ ఇచ్చే ముందు అందులో ఎవరైనా పాత ఏజెంటు ఆత్మ ఉందా లేదా అన్నది ఇప్పుడే తేల్చి పెట్టుకోండి. ఉంటే బార్డ్‌కి మొదటి రోజు నుంచే చెవిలో ఒక పైఅధికారి ఉన్నట్టు.